సైన్ 30 మైనస్‌లో ఎందుకొస్తోంది?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి స్కూల్లో టీఐ-84 ప్లస్ సీఈ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వాడుతోంది. సైన్ 30 కొడితే 0.5 రావాలి కదా, -0.988 చూపిస్తోంది. పాడైందంటారా?

జవాబు: పాడవలేదండీ. 30ని అది డిగ్రీలుగా కాక రేడియన్లుగా (కోణాలను కొలిచే ఇంకో కొలమానం) తీసుకుంది. 30 రేడియన్ల సైన్ నిజంగానే -0.988. టీఐ-84 కొత్తగా కొన్నప్పుడు రేడియన్ మోడ్‌లోనే ఉంటుంది, రీసెట్ చేస్తే మళ్లీ అక్కడికే పోతుంది. సీఈలో తెర పైన ఏ మోడో రాసి ఉంటుంది, ముందు అది చూడమనండి.

మోడ్ కీ నొక్కి డిగ్రీకి మార్చుకోవచ్చు. కానీ మళ్లీ రేడియన్‌కి తేవడం మరిచిపోతే గ్రాఫుల దగ్గర ఇంకో టెన్షన్. మామూలు విండోలో ఎక్స్ -10 నుంచి 10 దాకానే కదా, డిగ్రీల్లో అయితే సైన్ అలలే ఉండవు, దాదాపు అడ్డగీత కనిపిస్తుంది. అందుకే మోడ్ జోలికి పోకుండా సెకండ్, యాప్స్ కీలు నొక్కి యాంగిల్ మెనూ తెరవమంటాను. మొదటి వరసలోని ° గుర్తును 30 పక్కన పెడితే రేడియన్ మోడ్‌లోనూ 0.5 వస్తుంది. ఉత్త 30° కొట్టి ఎంటర్ నొక్కితే 0.5235987756, అంటే రేడియన్లలోకి మారిపోయినట్టే.

రేడియన్లను డిగ్రీల్లోకి మార్చాలంటే మాత్రం డిగ్రీ మోడ్ కావాలి. (π/6) కొట్టి అదే మెనూలో మూడోదైన చిన్న ఆర్ గుర్తు పెడితే 30 వస్తుంది. బ్రాకెట్లు వదిలేస్తే ఆ గుర్తు 6కే అంటుకుని ఏదో పిచ్చి అంకె వస్తుంది. డిగ్రీలో భాగాలైన నిమిషాలు, సెకన్లు కావాలంటే ఆ మెనూలో నాలుగోది: 54.32 పక్కన పెడితే 54°19'12".

ప్రశ్న: బీటెక్ ఈసీఈ చదువుతున్నా. నా కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్‌లో 40000ని బైనరీలోకి మారిస్తే మ్యాథ్ ఎర్రర్ వస్తోంది. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనమంటారా?

జవాబు: దీనికోసమైతే వద్దు. అంత ఖరీదు పెట్టి టీఐ-84 కొన్నా అందులో బేస్ మార్చే (అంటే అంకెను బైనరీ, హెక్స్ లాంటి పద్ధతుల్లోకి మార్చే) మెనూయే లేదు! పాత టీఐ-89లో ఉండేది. మీ కాసియో బేస్-ఎన్ మోడ్‌లో బైనరీకి 16 బిట్లే, అందులో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోతుంది. కాబట్టి 32767 దాటితే ఎర్రరే. హెక్స్‌కి (16 గుర్తులతో అంకెలు రాసే పద్ధతి) 32 బిట్లు ఉన్నాయి కనుక 40000 కొట్టి హెక్స్ నొక్కండి, 9సీ40 వస్తుంది. ఒక్కో హెక్స్ అంకెకు నాలుగు బిట్లు మీరే రాసుకోండి: 1001 1100 0100 0000. అన్నట్టు, ఈ మోడ్‌లో 5ని 2తో భాగిస్తే 2 అనే వస్తుంది, దశాంశం ఎగిరిపోతుంది. మామూలు లెక్కలకు మళ్లీ కాంప్ మోడ్‌కి మార్చుకోండి.