అద్దం నలుపు వేరు, లోపలి చల్లదనం వేరు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త కారు వచ్చే వారం చేతికి వస్తుందనీ, రాగానే అద్దాలకు వీలైనంత నల్లటి సన్ ఫిల్మ్ వేయించాలనుకుంటున్నావనీ రాశావు. నీ ఉత్తరంలో ‘వీలైనంత నల్లటి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా మొదటి కారుకు నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే. నలుపు ఎంత చిక్కగా ఉంటే కారు అంత చల్లగా ఉంటుందని నమ్మి, అందరికంటే తక్కువ ధర చెప్పిన దుకాణంలో వేయించాను. రెండు వేసవులు గడిచేసరికి నలుపు కాస్తా ఊదారంగుకు తిరిగి, వెనుక అద్దం నిండా పొక్కులు లేచాయి. దాన్ని పీకించినప్పుడు, అద్దం లోపలి వైపు మంచును కరిగించే సన్నని డీఫాగర్ గీతలు కొన్ని జిగురుతో పాటే ఊడి వచ్చాయి. ఆ గీతలను మళ్లీ సరిచేయించుకోవడానికి ఫిల్మ్‌లో మిగిల్చుకున్నాననుకున్న డబ్బంతా పోయింది.

నేలను చేరే ఎండలోని శక్తిలో సగానికి పైగా కంటికి కనిపించని పరారుణ కిరణాలది. కనిపించే వెలుగు వాటా అంతకు కొంచెం తక్కువ, అతినీలలోహిత కిరణాల వాటా సుమారు 3 శాతం. మామూలు రంగు ఫిల్మ్ అడ్డుకునేది ముఖ్యంగా ఆ కనిపించే వెలుగును. అది కూడా వెనక్కి తిప్పికొట్టదు, తానే పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిలో కొంత మళ్లీ లోపలికే వదులుతుంది. అందుకే దుకాణంలో అడుగుపెట్టగానే ‘ఎంత నలుపు’ అని కాక, ‘మొత్తం సూర్యశక్తిలో ఎంత శాతం ఆపుతుంది’ అని అడుగు. దాన్ని టీఎస్‌ఈఆర్ అంటారు. తయారీదారు ఇచ్చే కాగితంలో ఆ అంకె ఉండాలి. లేకపోతే ఆ ఫిల్మ్ సంగతి అక్కడితో వదిలేయవచ్చు.

దాని బదులు ‘పరారుణం 95 శాతం ఆపుతుంది’ అని పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తారు. ఆ అంకెను చాలాసార్లు పరారుణంలోని ఒక ఇరుకైన భాగంలోనే కొలుస్తారు కాబట్టి, దాన్ని చూసి మొత్తం వేడి 95 శాతం తగ్గుతుందని అనుకోకు. వేడి దీపం ముందు ఫిల్మ్ ముక్క పెట్టి, చెయ్యి అడ్డం పెట్టమని చేసే ప్రదర్శన కూడా అలాంటిదే. ఆ దీపం వెదజల్లేది ఎక్కువగా పరారుణమే, ఎండలో మాత్రం కనిపించే వెలుగు వాటా కూడా పెద్దదే. నేనూ ఒకసారి ఆ దీపం ముందు చెయ్యి పెట్టి, ఆహా అనుకున్నవాడినే.

నలుపు పాలును వీఎల్‌టీ అనే అంకెతో చెబుతారు. అద్దం గుండా వెలుగు ఎంత శాతం లోపలికి వస్తుందో అది తెలుపుతుంది. ఇక్కడ చాలామంది తప్పే లెక్క ఒకటుంది. కంపెనీ నుంచి వచ్చిన అద్దమే కొంత వెలుగును ఆపుతుంది. అద్దం 75 శాతం వెలుగును వదిలేదైతే, దాని మీద 50 శాతం ఫిల్మ్ అంటిస్తే చివరికి మిగిలేది 50 కాదు, దాదాపు 37 శాతం. చట్టం ఒప్పుకునే హద్దు ఒక్కో చోట ఒక్కో రకంగా, ముందు అద్దానికీ పక్క అద్దాలకీ వేర్వేరుగా కూడా ఉంటుంది. కొన్నిచోట్ల ఫిల్మే కూడదు. కనుక నీవు ఉండే చోటి రవాణా నిబంధనను నీవే చదివి, ఆ తర్వాతే దుకాణం మెట్లెక్కు. ‘ఎవరూ పట్టుకోరు’ అని అమ్మేవాడు ఇచ్చే భరోసా జరిమానా కట్టేటప్పుడు నీకు తోడు రాదు. చట్టం అనుమతించినా, వానపడే రాత్రి పక్క అద్దంలోంచి సైడు మిర్రర్ చూడాల్సి వస్తుందని గుర్తుంచుకుని నలుపును ఎంచుకో.

ఇక రకాల విషయం. రంగు ఫిల్మ్ చౌక, త్వరగా వెలిసిపోతుంది. లోహపు పొర ఉన్నది వేడిని బాగానే తిప్పికొడుతుంది, కానీ ఫోను, జీపీఎస్ సంకేతాలను దెబ్బతీయవచ్చు. కార్బన్ ఫిల్మ్ మధ్యరకం. సిరామిక్ ఖరీదైనదే, కాని పెద్దగా నల్లబడకుండానే వేడిని ఆపగలదు, సంకేతాలకు అడ్డురాదు. చట్టం ఎక్కువ నలుపును ఒప్పుకోని చోట ఇది మరింత పనికివస్తుంది. అయితే సిరామిక్ అన్న పేరు మీద ఏదైనా అమ్మవచ్చు కాబట్టి, పేరును కాక టీఎస్‌ఈఆర్‌నే నమ్ము.

ధర దగ్గరికి వస్తే, నీవు చెల్లించేదాంట్లో ఫిల్మ్ ఖరీదుతో పాటు పనివాడి చేతికీ పెద్ద వాటా ఉంటుంది. బాగా వంపు తిరిగిన వెనుక అద్దానికి ఫిల్మ్‌ను వేడి గాలితో ముడుచుకునేలా చేసి ఒకే ముక్కగా కూర్చోబెట్టాలి; అది చేతకానివాడు ముక్కలు చేసి అతుకులు వేస్తాడు. అందుకే ‘మొత్తం ఇంత’ అని నోటితో చెప్పిన ధరను ఒప్పుకోకుండా, ఫిల్మ్ తయారీదారు, దాని రకం, ఎన్ని అద్దాలు, వెనుకది ఒకే ముక్కా కాదా అన్నవి కాగితం మీద రాయించుకో. వారంటీలో రంగు మారడం, పొక్కులు, అంచులు లేవడం ఉన్నాయో లేదో చూసి, మళ్లీ వేయాల్సివస్తే కూలి ఎవరిదో కూడా అడుగు. కారు అమ్మే చోటే కలిపి ఇస్తామన్నా ఇవే ప్రశ్నలు వేసి, బయట రెండు చోట్ల అడిగిన ధరతో పోల్చి చూడు.

బేరానికి ముందు ఆ దుకాణంలో పని పూర్తయిన కారు ఒకటి చూపించమను. కిటికీ అద్దాన్ని సగం దించి, పై అంచు దగ్గర కళ్లు పెట్టి చూడు: ఫిల్మ్ అంచు అద్దం అంచుతో సమంగా, తిన్నగా సాగితే అది నిదానంగా పనిచేసే చెయ్యి. అక్కడే వంకరలు, చిక్కుకున్న దుమ్ము రేణువులు కనిపిస్తే వెనుదిరుగు. ముందు అద్దానికి కూడా వేయిస్తే, కెమెరా, వాన సెన్సర్ ఉన్న భాగాన్ని వదిలిపెట్టమని ముందే చెప్పు.

వేశాక కనీసం నాలుగైదు రోజులు అద్దాలు దించవద్దు. నీటి చుక్కలు చిక్కుకుని మసకగా కనిపిస్తే కంగారుపడకు, కొన్ని వారాల్లో ఆరిపోతాయి. అమ్మోనియా ఉన్న ద్రవంతో మాత్రం ఎప్పుడూ తుడవకు.

కొటేషన్ కాగితాలు చేతికి రాగానే ఫొటోలు తీసి పంపు. అంతవరకు అడ్వాన్సు ఎవరికీ ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య