బ్యాటరీ డిక్కీలో పెట్టించా, సెల్ఫ్ సరిగ్గా తిరగట్లేదు

ప్రశ్న: అన్నా నమస్తే. నాది పాత మారుతి 800, ఆటోక్రాస్ రేసుల కోసం రెడీ చేస్తున్నా. ముందు పక్క బరువు తగ్గుతుందని బ్యాటరీ తీసి డిక్కీలో పెట్టించా. ప్లస్‌కి ఇళ్లల్లో వాడే 10 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు ఇంజన్ దాకా లాగాం, మైనస్ డిక్కీలోనే బాడీకి బోల్ట్ చేశాం. పొద్దున్నే స్టార్ట్ అవుతుంది కానీ కాస్త తిరిగొచ్చి ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే మూలుగుతుంది. బ్యాటరీ కొత్తదే. సెల్ఫ్ మోటర్ మార్చాలా? ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) నుంచి డిక్కీ దాకా ఇంకో వైరు వెయ్యాలా?
- విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోటర్ జోలికి ఇప్పుడే వెళ్లకు తమ్ముడూ. దానికన్నా ముందు నన్ను భయపెట్టింది ఇంకోటి, ఇంత రాశావు గానీ ఫ్యూజు మాటే లేదు. బ్యాటరీ ముందున్నప్పుడు ప్లస్ కేబుల్ మూరెడు ఉండేది, ఇప్పుడు అది కారు పొడుగునా 4 మీటర్లు పాకుతోంది, చుట్టూ ఉన్న రేకంతా మైనస్. ఎక్కడో సీటు రైలు కింద నలిగి తోలు ఊడిందనుకో, వందల ఆంపియర్లు ఆ ఒక్క చోట పారి వైరు ఎర్రగా కాలుతుంది, పైన కార్పెట్, 800లో పెట్రోల్ ట్యాంకు కూడా వెనకే. అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఫ్యూజు పడాలి, ఇంజన్ దగ్గర పెడితే మధ్యలో వైరుకి కాపలా ఉండదు. బీఎండబ్ల్యూ వాళ్లు కంపెనీ నుంచే చాలా మోడల్స్‌కి బ్యాటరీ డిక్కీలో ఇస్తారు, గట్టిగా యాక్సిడెంట్ అయితే చిన్న మందు పేలి ఆ కేబుల్ దానంతటదే తెగిపోయే క్లాంప్ కూడా పెడతారు, అంటే వాళ్లు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారో చూడు. ఫ్యూజు వేసేదాకా రోజూ బండి ఆపాక మైనస్ పీకెయ్, ప్లీజ్.

ఇక మూలుగు సంగతి. 10 ఎస్‌క్యూఎంఎం రాగి 4 మీటర్లకి దాదాపు 7 మిల్లీఓమ్స్ రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు). సెల్ఫ్ 100 ఆంపియర్లు లాగితే ఆ వైర్లోనే 0.7 వోల్టులు పోతాయి, కొట్టిన మొదటి క్షణం ఇంకా ఎక్కువే లాగుతుంది. తిరిగొచ్చాక వైరూ మోటరూ రెండూ వేడెక్కి ఉంటాయి, వేడికి రాగి రెసిస్టెన్స్ పెరుగుతుంది, అందుకే నీకు అప్పుడే తెలుస్తోంది. అదే 35 ఎస్‌క్యూఎంఎం అయితే 0.2 వోల్టులతో సరిపోతుంది. వెల్డింగ్ కేబుల్ తీసుకో, తోలు మీద హెచ్‌ఓఎఫ్‌ఆర్ అని ముద్ర ఉండాలి, వేడికీ ఆయిల్‌కీ తట్టుకునేది అదే. కొనేముందు చివర కొంచెం కత్తిరించి తీగని బ్లేడుతో గీకి చూడు, లోపల తెల్లగా కనపడితే అది రాగి పూసిన అల్యూమినియం, వద్దు. లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కొసలు) సుత్తితో కొట్టించకు, హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించు. ఈ కేబుల్‌కి 150 నుంచి 200 ఆంపియర్ల ఏఎన్ఎల్ ఫ్యూజు (ఎక్కువ కరెంటుకి వాడే బోల్ట్ ఫ్యూజు) సరిపోతుంది.

సగం కేసుల్లో తప్పు ఎర్త్‌లో, అంటే మైనస్ బాడీకి కలిసే దారిలో ఉంటుంది, ప్లస్‌కి పెట్టిన శ్రద్ధ మైనస్‌కి ఎవరూ పెట్టరు. మీటర్ వోల్టుల్లో పెట్టి ఒక కడ్డీ బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద ఆనించి ఎవరినన్నా సెల్ఫ్ కొట్టమను. 0.3 దాటిందా, ఎర్త్ బాలేదు. బోల్ట్ విప్పి దాని కింద పెయింట్ మొత్తం మెరిసే రేకు కనపడేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు రాయి. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ కూడా కొత్తది వెయ్, ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి రావాలంటే ఆ పట్టీయే దారి.

ఆల్టర్నేటర్‌కి వేరే వైరు అక్కర్లేదు. పాత బ్యాటరీ ఉన్నచోట మూతున్న స్టడ్ (వైర్లు బిగించే మర) ఒకటి బిగించి కొత్త కేబుల్, సెల్ఫ్ వైరు, పాత ఫ్యూజిబుల్ లింకులు (ఎక్కువ కరెంటు పారితే కరిగి తెగేవి) అన్నీ దాని మీదకి తీసుకురా, ఆల్టర్నేటర్ చార్జింగ్ పాత దారిలోనే వచ్చేస్తుంది. లింకులు మాత్రం తీసెయ్యకు. కేబుల్ లోపల నుంచి డోర్ గడప పక్కగా కార్పెట్ కింద తీసుకెళ్లు, సైలెన్సర్ పైపు దగ్గరకి పోనివ్వొద్దు, రేకు దాటే ప్రతి కన్నానికీ రబ్బరు గ్రోమెట్ (అంచుకి వైరు కోసుకోకుండా పెట్టే రింగు) ఉండాలి.

నీళ్లు పోసే బ్యాటరీ అయితే చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాల్లో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మూత బిగుతుగా ఉండే పెట్టెలో పెట్టి పైపుతో బయటికి వదులు, నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ ఏజీఎం బ్యాటరీ పెట్టినా ఆ పైపు ఉంచు. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంప్ మాత్రం రేకుకి బోల్ట్ చెయ్, బోల్తా పడితే 10 కిలోల బ్యాటరీ తలకి తగులుతుంది.

ప్రశ్న: మా కారు డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంది. యాంప్లిఫయర్ కోసం దాని పక్కనే రెండో బ్యాటరీ పెడతామంటున్నారు, పెట్టించొచ్చా?
- గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. టెర్మినల్ బిగించేటప్పుడు స్పానర్ జారినా నిప్పు లేస్తుంది, గ్యాస్ ఎక్కడన్నా లీకవుతుంటే అదే డిక్కీలో నిలుస్తుంది. బోనెట్ కింద ఉన్న బ్యాటరీ నుంచే ఫ్యూజుతో వైరు లాగమనండి, మామూలు యాంప్లిఫయర్‌కి అది చాలు.