దూర ద్వీపాల కార్డులు, స్టాంపులు: మినికాయ్‌తో మొదలుపెట్టండి

మీరు పలమనేరులో ఉంటున్నారనీ, విదేశాలలో తెలిసినవారెవరూ లేరనీ, నెలకు రెండు మూడు వందలకు మించి ఖర్చు పెట్టలేరనీ రాస్తూ, మారుమూల ద్వీపాల పోస్టుకార్డులు, స్టాంపులు సేకరించడానికి వ్యాపారుల దగ్గర కొనడం తప్ప వేరే దారి ఉందా అని అడిగారు. ఉంది. నేను తిరుపతిలో ఉంటూ పదిహేడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నా దగ్గరున్న ద్వీపాల కార్డులలో కొన్నవి తక్కువ, ఉత్తరం రాసి తెప్పించుకున్నవి ఎక్కువ. చిన్న ద్వీపాల స్టాంపులు సాధారణంగా వేరే దేశంలో అచ్చవుతాయి కనుక, వ్యాపారి ఇచ్చిన స్టాంపు ఎంత అందంగా ఉన్నా అది ఆ ద్వీపం మొహం చూసి ఉండకపోవచ్చు. అక్కడి పోస్టాఫీసులో ముద్ర వేయించుకుని, ఓడెక్కి, చివరికి మన పోస్టుమ్యాన్ చేతుల మీదుగా గుమ్మంలోకి వచ్చిన కార్డు సంగతి వేరు. అందువల్ల నేను చెప్పేదంతా ఆ ముద్రను సంపాదించడం గురించే.

మొదటి ఉత్తరం విదేశానికి రాయకండి, మినికాయ్‌కి రాయండి. లక్షద్వీప్‌లో అన్నిటికన్నా దక్షిణాన, తక్కిన దీవులకు ఎడంగా ఉన్న ద్వీపం అది. అక్కడివారి భాష మలయాళం కాదు, మాల్దీవుల భాషకు దగ్గరైన మహల్. 1885 నాటి దీపస్తంభం ఇప్పటికీ ఉంది. అక్కడికి వెళ్ళాలంటే మనకు ప్రవేశ అనుమతి కావాలి కానీ, ఉత్తరానికి ఏ అనుమతీ అక్కరలేదు. యాభై పైసల పోస్టుకార్డు మీద మీ చిరునామా మీరే రాసి, దానిని కవరులో పెట్టి, మినికాయ్ పోస్టుమాస్టరు గారికి, 682559 అనే పిన్ కోడ్‌తో పంపండి. లోపల ఒక చిన్న చీటీలో, కార్డు మీద ముద్రను స్పష్టంగా వేసి తపాలాలో వేయగలరని మర్యాదగా కోరండి. మన దేశపు తపాలాయే కనుక మన కార్డే అక్కడా చెల్లుతుంది. ఈ సౌకర్యం విదేశీ ద్వీపాలతో ఉండదు. నేను పంపిన కార్డు ముప్ఫై నాలుగో రోజున వచ్చింది. ముద్ర సగం మసకగా ఉన్నా ఊరి పేరు మాత్రం చదవగలిగేలా పడింది. కవరులో పెట్టకుండా కార్డునే నేరుగా పంపడం వల్ల లాభం లేదు, ఎందుకంటే దాని మీద మన ఊరి ముద్రే పడుతుంది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకి కూడా 744302 పిన్ కోడ్‌తో ఇలాగే రాయవచ్చు.

ఇక విదేశీ ద్వీపాల విషయంలో నేను చేసిన తెలివితక్కువ పనిని ముందే చెబుతాను. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డ కున్హాకు మొదటిసారి రాసినప్పుడు, జవాబు కోసం పెట్టిన కవరు మీద శ్రద్ధగా మన స్టాంపులే అంటించి పంపాను. ఒక దేశపు స్టాంపు ఇంకో దేశం నుంచి బయలుదేరే ఉత్తరానికి చెల్లదన్న సంగతి అప్పటికి నా బుర్రకు తట్టలేదు. ఏడాది గడిచినా ఏమీ రాలేదు. రాకపోవడంలో వారి తప్పేమీ లేదు. రెండోసారి ఆ ద్వీపపు వాడని స్టాంపులను సరిపడా విలువకు కొని, నా చిరునామా రాసిన కవరు మీద వాటిని అంటించి, లోపల ఒక గట్టి అట్ట పెట్టి పంపాను. ఇప్పటికీ నేను అనుసరించే పద్ధతి ఇదే. ఏ ద్వీపపు స్టాంపు ఆ ద్వీపంలోనే చెల్లుతుంది కనుక, అదే సముద్రంలోని మరో ద్వీపమైన సెయింట్ హెలీనా స్టాంపును ట్రిస్టన్ కవరుకు అంటించే పొరపాటు కూడా చేయకండి. కవరులో డబ్బు నోట్లు మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు.

ఆ రెండో కవరు రావడానికి ఏడు నెలలు పట్టింది. ట్రిస్టన్‌కు విమానాశ్రయం లేదు, కేప్‌టౌన్ నుంచి ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే బయలుదేరే ఓడలో వారం రోజుల ప్రయాణం. మనుషులున్న దగ్గరి చోటైన సెయింట్ హెలీనా కూడా అక్కడికి 2,400 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఉన్నది ఒకటే ఊరు, పేరు ఎడిన్‌బర్గ్ ఆఫ్ ది సెవెన్ సీస్. ఆ పేరు వల్ల ఉత్తరాలు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బర్గ్‌కు పోతుండేవట. 2005లో ప్రత్యేక పోస్టు కోడ్ ఇచ్చారు. 1952 దాకా ఆ ద్వీపానికి సొంత స్టాంపులే లేవు. స్టాంపులు కావాలని కోరుతూ 1946లో తయారుచేసిన నమూనా మీద వెల ఒక పెన్నీ, లేదా నాలుగు బంగాళదుంపలు అని ఉంటుంది. డబ్బు చలామణీ పెద్దగా లేని చోట దుంపే నాణెం అన్నమాట. 1961లో అగ్నిపర్వతం బద్దలై ఊరంతా ఇంగ్లండుకు తరలిపోయినప్పుడు, సహాయనిధి కోసం సెయింట్ హెలీనాలో ట్రిస్టన్ స్టాంపుల మీద అదనపు వెల అచ్చువేసి అమ్మారు. లండన్ ఆదేశంతో వారంలోనే ఆపివేయగా, అప్పటికి అమ్ముడైనవి 434 సెట్లు. అవి మీకూ నాకూ అందేవి కావు. కానీ నాకు వచ్చిన కార్డు మీది బొమ్మలో, ఊరి ఇళ్ళ పక్కనే గడ్డకట్టి నల్లగా పడి ఉన్న ఆ 1961 నాటి లావా కనిపిస్తుంది. భూతద్దంతో దానిని చూస్తూ కూర్చున్న సాయంత్రాలు చాలానే ఉన్నాయి.

అందరూ ముందుగా అడిగే, పసిఫిక్ మహాసముద్రంలోని పిట్‌కెయిర్న్ గురించి క్లుప్తంగా చెబుతాను. 1940లో మొదటి స్టాంపులు వేసిన ఆ ద్వీపం వాటి ఆదాయంతోనే బడి కట్టుకుంది. జనాభా యాభై లోపే. పద్ధతి అదే, ఓపిక మాత్రం ఇంకొంచెం ఎక్కువ కావాలి. ముక్కూమొహం తెలియనివారు ఒకరికొకరు కార్డులు పంపుకునేలా 2005లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్ వెబ్‌సైటులో చేరితే కార్డులు బాగానే వస్తాయి కానీ, మీ కార్డు ఏ దేశానికి వెళ్ళాలో, మీకు ఏ దేశం నుంచి రావాలో ఎంచుకునే వీలు ఉండదు కనుక ద్వీపాల కోసం దానినే నమ్ముకోలేము. అంతకంటే మారిషస్ మనకు దగ్గరి దారి. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే ఆ దేశంలో తెలుగు మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ఒక కలం స్నేహితురాలు, అక్కా అని పిలుస్తూ నేను ఉత్తరాలు రాసే పెద్దావిడ, తన పేరును గుండ్రటి తెలుగు అక్షరాలలో రాసి, అక్కడికి తూర్పున 560 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవికి వెళ్ళినప్పుడు నా కోసం ఒక కార్డు వేసింది. బదులుగా ఆవిడ అడిగినది తిరుమల బొమ్మ ఉన్న కార్డులు.

కొనక తప్పని సందర్భాలలో ఒక జాగ్రత్త అవసరం. ఒక ప్రదర్శనలో యాభై ద్వీపాల స్టాంపులంటూ కట్టిన పొట్లాన్ని ఆశపడి కొన్నాను. ఇంటికి వచ్చి చూస్తే అందులో స్టాఫా పేరుతోనే పదకొండు ఉన్నాయి. స్కాట్లాండ్ తీరాన ఉన్న ఆ స్టాఫాలో మనుషులే ఉండరు, పోస్టాఫీసు అసలే లేదు. అవి సేకరించేవారి జేబు కోసం అచ్చువేసిన రంగు కాగితాలు. అలాగని స్థానికంగా వేసినవన్నీ దొంగవి కావు. ఇంగ్లండు పక్కనున్న లండీ దీవి 1929 నుంచి పఫిన్ పక్షి పేరునే వెల పేరుగా పెట్టి స్టాంపులు వేస్తోంది, ఆ రుసుముతో ఉత్తరాన్ని దీవి నుంచి ఒడ్డుకు నిజంగానే చేరవేస్తోంది. అనుమానం వస్తే, దేశాలు అధికారికంగా విడుదల చేసిన స్టాంపులను నమోదు చేయడానికి ప్రపంచ తపాలా సమాఖ్య 2002 నుంచి నడుపుతున్న డబ్ల్యూఎన్ఎస్ జాబితాలో ఆ స్టాంపు నమోదైందో లేదో చూడండి. అయితే అందులో అన్ని దేశాలూ చేరలేదు కనుక, లేనంత మాత్రాన దొంగదని తీర్మానించకండి.

భద్రపరచడం గురించి ఒక్క మాట. కార్తీకంలో మన వైపు ముసురు పట్టినప్పుడు గాలిలోని తేమకే వెనుక జిగురు కరిగి, నా ఆల్బమ్‌లో ఆరు వాడని స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అప్పటి నుంచి ఆల్బమ్‌లను పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో తేమను పీల్చే సిలికా పొట్లాలు పెడుతున్నాను. స్టాంపును వేళ్ళతో కాక పట్టకారుతోనే పట్టుకోవాలి. ముద్ర ఉన్న కవరు నుంచి స్టాంపును నానబెట్టి తీయకండి. తీస్తే ముద్ర ముక్కలైపోతుంది, మీరు ఇన్ని నెలలు ఎదురుచూసింది దాని కోసమే కదా.

మీ చిరునామాను మాత్రం అచ్చు అక్షరాలలో, జిల్లా, రాష్ట్రం, పిన్ కోడ్, చివర దేశం పేరుతో సహా రాయండి. గొలుసుకట్టు రాతలో నేను రాసుకున్న తిరుపతిని ఎవరో తిరుపత్తూరుగా చదవడంతో, పిట్‌కెయిర్న్ నుంచి బయలుదేరిన నా కవరు తమిళనాడులోని ఆ ఊరు చుట్టి మూడు వారాలు ఆలస్యంగా ఇల్లు చేరింది. వెనుక వైపు తిరుపత్తూరు ముద్ర మాత్రం పిట్‌కెయిర్న్ ముద్ర కన్నా నల్లగా, నిండుగా పడింది. నా ఆల్బమ్‌లో ఆ కవరును వెనక్కి తిప్పే పెట్టుకున్నాను.