మావయ్యగారికి పాత సినిమాలే ఇష్టమనుకున్నాం, అసలు సంగతి చెవిది

మీ ప్రశ్న చదివాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటారు, నాన్నగారికి 72 ఏళ్ళు, సాయంత్రం అయ్యేసరికి టీవీ సౌండ్ 50 దాటించేస్తారు, పక్కగదిలో పదో తరగతి అబ్బాయికి చదువు సాగడం లేదు, రోజూ ఇదే గొడవ. ఇంకాస్త పెద్ద టీవీ కొనాలా, సౌండ్‌బార్ కొనాలా అని అడిగారు. రెండిటిలో ఏదీ కొనకముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. డబ్బు దగ్గర కంటే మనిషి దగ్గర మేం చేసిన పొరపాటు పెద్దది, అది మీరు చేయకూడదని నా ఆశ.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా మావయ్యగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేశారు. సినిమా అంటే ప్రాణం. యార్డు మూసే రోజుల్లో ఫస్ట్ షో, సెకండ్ షో రెండూ చూసి ఇంటికి వచ్చేవారట. మోకాళ్ళు నొప్పులొచ్చి హాలు మెట్లు ఎక్కలేక మానేశాక ఇక టీవీయే. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత రామాయణం సీరియల్ మళ్ళీ వేసినప్పుడు ఒక్క పూట వదలకుండా చూశారు. 1987లో అది మొదటిసారి వచ్చినప్పుడు ఆదివారం పొద్దున్నే వీధిలో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటికి వెళ్ళి, హిందీ ముక్క రాకపోయినా చూశామని మా పిల్లలకు చెప్పేవారు.

ఆ తర్వాత నెమ్మదిగా కొత్త సినిమాలు చూడటం మానేశారు. మేం ఓటీటీలో ఏదన్నా పెడితే పావుగంట కూర్చుని లేచి అరుగు మీదకు వెళ్ళిపోయేవారు. ఒంటరిగా ఉన్నప్పుడు మాయాబజార్ పెట్టుకునేవారు, ఆ నలుపు తెలుపుదే. "ఇప్పటి సినిమాలు నాకు పట్టవమ్మా" అనేవారు. వయసు వచ్చింది, పాతవే ఇష్టం అనుకుని వదిలేశాం. దాదాపు రెండేళ్ళు అలాగే వదిలేశాం.

ఒకరోజు రాత్రి అందరం కలిసి ఒక కొత్త సినిమా చూస్తున్నాం. తెర మీద ఒకడు "కత్తి తెచ్చావా?" అన్నాడు. మావయ్యగారు నా వైపు తిరిగి, "పత్తి ఎందుకమ్మా వాళ్ళకి?" అన్నారు. పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయి, తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయారు. నాకు అప్పుడు తట్టింది. ఆ రాత్రి సౌండ్ 48లో ఉంది. గోల వీధిలోకి వినిపిస్తోంది, కానీ ఆయనకు మాట అందడం లేదు. రామాయణం కథ తెలుసు, మాయాబజార్ మాటలు కంఠతా వచ్చు. వినపడకపోయినా నడిచిపోయేవి అవి మాత్రమే. అందుకే అవే చూస్తున్నారు.

ఈ విషయం మీకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో అన్ని శబ్దాలూ ఒకేలా తగ్గవు. ముందు సన్నటి, పైస్థాయి శబ్దాలు పోతాయి. మాటలో అచ్చులు గట్టిగా, లోతుగా పలుకుతాయి, అవి వినపడుతూనే ఉంటాయి. స, శ, త, క, ప లాంటి హల్లులు సన్నగా, చిన్నగా వచ్చి పోతాయి, అవి జారిపోతాయి. సీత అంటే ఈత అన్నట్టు వినిపిస్తుంది. మాటను మాటగా నిలబెట్టేవి ఆ హల్లులే. ఇప్పుడు సౌండ్ పెంచితే ముందు పెరిగేది ఏమిటి? అచ్చులూ, డప్పులూ, ఫైట్లూ. అందుకే "గట్టిగా పెట్టినా అర్థం కావట్లేదు" అంటారు. మొండితనం కాదు, వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

నేను మాత్రం అప్పటికి ఇవేవీ తెలియక మీలాగే సౌండ్‌బార్ వైపు పరిగెత్తాను. షాపులో అబ్బాయి 2.1 సెట్, అంటే రెండు స్పీకర్లూ, లోతైన దడదడ శబ్దాలకు ఒక పెద్ద వూఫరూ ఉన్నది పెట్టి ఒక పాట వినిపించాడు, గుండెలు అదిరాయి, కొనేశాను. ఇంటికొచ్చాక మావయ్యగారికి మాట ఇంకా దిగజారింది. వూఫర్ దడదడ కింద మాట నలిగిపోయింది. తొమ్మిది వేలు. పైఇంటివాళ్ళు కూడా వచ్చి గోలగా ఉందని చెప్పారు.

మా వారి స్నేహితుడొకరు "ముందు చెవి చూపించారా?" అని అడిగితే అప్పుడు కొత్తపేటలో ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. మొదట రెండు చెవుల్లోనూ గుబిలి తీశారు. కొందరికి అంతటితోనే సరిపోతుందట, కాబట్టి అది తీయించకుండా ఏ ఖర్చూ పెట్టకండి. తర్వాత శబ్దం రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం వినిపించి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చివర్లో కాగితం మీద గీత గీసి ఇచ్చారు. ఎడమవైపు, అంటే లోతైన స్వరాల దగ్గర బాగానే ఉన్న గీత, కుడివైపు సన్నటి స్వరాలకు వెళ్ళేకొద్దీ బావి గట్టు దిగినట్టు దిగిపోయింది. "చూశారా, ఈ దిగిన చోటే మీ మాటలున్నాయి" అన్నారు డాక్టరు. 60 దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బందిపెట్టే స్థాయి వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మీ నాన్నగారు ఒంటరి కాదు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ ఈఎన్‌టీ ఓపీ ఉంది, ప్రైవేటుకే వెళ్ళాలని లేదు. ఇంకొక్క మాట. ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో వినపడకుండా పోతే అది వయసు కాదు, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు.

చెవికి వినికిడి మెషిన్ పెట్టుకోమంటే మావయ్యగారు ఒప్పుకోలేదు. "నాకేమన్నా చెవుడా?" అని రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. మేం బలవంతం చేయలేదు. అది మంచిపని అయింది. ముందు టీవీ సంగతి, గది సంగతి చూశాం.

పాత సినిమాల్లో శబ్దమంతా ఒకే పట్టీ మీద ఉండేది, మాట ముందుండేది, వాద్యాలు వెనక ఉండేవి. ఇప్పటి సినిమాలు థియేటర్ కోసం 5.1లో, అంతకంటే ఎక్కువ స్పీకర్లకు కూడా కలుపుతారు. 5.1 అంటే ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు, వూఫర్ ఒకటి. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి. మన ఇంటి టీవీకి ఆ మధ్య స్పీకరే లేదు, ఉన్న రెంటిలోనే అన్నీ కుక్కాలి. పైగా సన్నటి టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికో, వెనక గోడ వైపో తిరిగి ఉంటాయి. పాత డబ్బా టీవీల్లో ముందుకే ఉండేవి. ఇది చాలామంది గమనించరు.

పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి ముందు చేయండి. ఓటీటీలో సినిమా నడుస్తుండగా ఆడియో మెనూ తెరిస్తే కొన్నిటిలో తెలుగు 5.1 అనీ, తెలుగు మామూలుదీ రెండూ ఉంటాయి. మామూలుది పెట్టండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో క్లియర్ వాయిస్ అనో, స్పీచ్ అనో, న్యూస్ అనో ఒక మోడ్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. అది వేసి, బాస్ (లోతైన శబ్దం) బాగా తగ్గించి, ట్రెబుల్ (సన్నటి శబ్దం) రెండు మూడు మెట్లు పెంచండి. ఆటో వాల్యూమ్ లేదా నైట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. గుసగుసను కాస్త పైకి, పేలుళ్ళను కాస్త కిందికి తెస్తుంది, రిమోట్ పట్టుకుని కూర్చునే అవసరం తగ్గుతుంది. డిజిటల్ అవుట్‌పుట్ అని ఉన్నచోట పీసీఎం (మామూలు రకం శబ్దం) పెట్టి ఒకసారి విని చూడండి. మాకు ఈ నాలుగింటితోనే సౌండ్ 48 నుంచి 34కి దిగింది.

తర్వాత గది. మా హాలు టైల్స్, గోడలు బోసిగా, కిటికీలకు పల్చటి కర్టెన్లు. మధ్యలో నిలబడి ఒక చప్పట కొడితే టంగుమని తిరిగొచ్చేది. మాట కూడా అలాగే గోడకు కొట్టుకుని, వెనక మాటతో కలిసిపోయి చెవిలో పడుతుంది. బాగున్న చెవికి అది తెలియదు, తగ్గిన చెవికి అదే పెద్ద అడ్డు. టీవీ ముందు జంపఖానా పరిచాం, మందపాటి కర్టెన్లు వేశాం. ఇక గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీదీ అదే ఎండ. మార్చి దాటితే మా కూలర్ రాత్రి పది దాకా తిరుగుతుంది, సరిగ్గా మావయ్యగారి కుర్చీ పక్కనే ఉండేది! ఆ హోరులో పోయేవి మళ్ళీ ఆ సన్నటి హల్లులే. దాన్ని కిటికీ దగ్గరకు జరిపాం, గాలీ మెరుగైంది.

ఆయన కుర్చీ గుమ్మం దగ్గర, టీవీకి పన్నెండు అడుగుల దూరంలో ఉండేది. గాలి బాగుంటుందని ఆయనే అక్కడ వేసుకున్నారు. దాన్ని ఆరేడు అడుగులకు తెచ్చాం. మాది 43 అంగుళాలది. ఆ సైజుకు ఆ దూరం కంటికి కూడా సరిపోతుంది, 55కి అయితే ఏడున్నర అడుగులు. దగ్గరకు తెస్తే చెవికి కలిసొచ్చేది శబ్దం ఒక్కటే కాదు. చెవి తగ్గినవాళ్ళు తమకు తెలియకుండానే పెదాలు చదువుతారు. దూరం నుంచి పెదాలు కనపడవు. ఇది అర్థమయ్యాక ఇంకో చిక్కు కూడా విడిపోయింది. డబ్బింగ్ సినిమాలు ఆయనకు అస్సలు పట్టేవి కావు, ఎందుకంటే అక్కడ పెదాలు ఒక భాష పలుకుతాయి, చెవికి ఇంకో భాష వస్తుంది. ఇప్పుడు అందరం కలిసి చూసే రోజు తెలుగులో తీసిన సినిమానే పెడతాం. మలయాళం థ్రిల్లర్లు, కొరియన్ సీరియళ్ళు పిల్లలు వేరే చూసుకుంటారు. సబ్‌టైటిల్స్ కూడా వెతికాను. తెలుగు సినిమాలకు నాకు దొరికినవి ఎక్కువగా ఇంగ్లీషువే, ఆయనకు తెలుగు చదవడమే హాయి. తెలుగువి ఉన్నచోట మాత్రం తప్పకుండా పెడుతున్నాం.

హెడ్‌ఫోన్ కొనమని మీకు చాలామంది చెప్తారు. మీ అబ్బాయి పరీక్షల నెలల్లో అది ఉపయోగమే. బ్లూటూత్‌ది అయితే కొన్ని టీవీల్లో మాట పెదాల కంటే ఆలస్యంగా వస్తుంది, పైగా అది కలపగానే టీవీ స్పీకర్ ఆగిపోవచ్చు. కొనేముందు మీ టీవీతో కలిపి రెండూ చూసుకోండి. టీవీకి ఒక చిన్న స్టాండ్ తగిలించే వైర్‌లెస్ రకం వేరే ఉంది, అందులో ఈ ఇబ్బందులు తక్కువ. అయితే రోజూ అదే పరిష్కారం అనుకోకండి. హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషికి పక్కన మనవడు నవ్వింది వినపడదు. ఇంట్లో సినిమా చూడటంలో సగం అదే కదా. సౌండ్‌బారే కొంటానంటే మధ్య స్పీకర్ విడిగా ఉన్నది, అంటే 3.1 లాంటిది చూడండి. షాపులో పాట కాదు, వార్తలు పెట్టించి వినండి, మీ నాన్నగారిని వెంట తీసుకెళ్ళి ఆయన చెవితో వినండి. పెద్ద టీవీ మాత్రం ఇప్పుడు వద్దు, అందులోనూ స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో ఉంటాయి.

మెషిన్ సంగతి ఎలా తేలిందంటే, నాలుగు నెలల తర్వాత ఆయనే అడిగారు. కూర్చోవడం, గది, సౌండ్ అన్నీ సరిచేశాక సినిమాలో ముప్పాతిక అర్థమవుతోంది, ఆ మిగిలిన పాతిక కోసం ఆశ పుట్టింది. వారం రోజులు ట్రయల్‌కి ఇచ్చారు. అలా ఇస్తారా లేదా అని ముందే అడగండి, ఇవ్వని చోట కొనకండి. మొదటి రోజు ప్లేట్ల చప్పుడుకు చిరాకుపడ్డారు, కూర్చోలేకపోయారు. రెండు మూడు వారాలు అలాగే ఉంటుందని, రోజూ కాసేపు పెట్టుకుంటూ అలవాటు చేసుకోవాలని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఆగాం. మూడో రోజు సాయంత్రం మా పాప హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. ఆయన తల తిప్పి చూసి, "కొత్త పట్టీలా తల్లీ?" అని అడిగారు. ఆ పట్టీలు దానికి రెండేళ్ళ క్రితం సంక్రాంతికి ఆయనే కొనిచ్చారు. మా అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు శనివారం రాత్రి తొమ్మిదికి సౌండ్ 22లో ఉంటుంది. అరుగు మీద ఎవరూ ఉండరు. మధ్యలో "ఆగండి, వాడేమన్నాడు?" అని ఆయన అడిగితే ఎవరూ నవ్వకుండా రిమోట్ నొక్కి పది సెకన్లు వెనక్కి తిప్పుతాం. పిల్లలకు ఆ ఒక్క నియమం గట్టిగా పెట్టాం.

మీ నాన్నగారితో ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆయన ముందెప్పుడూ చూడని సినిమా ఒకటి పెట్టి, కూలరూ ఫ్యానూ ఆపి, ఆరేడు అడుగుల దూరంలో కూర్చోబెట్టి, అరగంట తర్వాత కథ అడగండి. కుదురుగా చెప్తే తప్పు మీ గదిదీ, టీవీదీ. తడబడితే ముందు ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. టీవీ మోడల్ నంబరూ, హాలు కొలతా ఇక్కడ రాస్తే ఏ సెట్టింగ్ ఎక్కడుంటుందో వెతికి చెప్తాను.