చార్మినార్ చూడటానికి ఒక గంట చాలా?

చార్మినార్ ఒక్కటే చూస్తానంటే గంట ఎక్కువే. కానీ అసలు చౌక్ చూడకుండా తిరిగొచ్చేస్తారు. చాలామంది చేసేది అదే, నాకు బాధగా ఉండేదీ అదే.

చార్మినార్ నుంచి ఉత్తరం వైపు రెండు నిమిషాలు నడిస్తే గుల్జార్ హౌజ్, నేను చెప్పే చౌక్ అదే. నడుమ ఫౌంటెన్, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. 1591లో చార్మినార్, 1592లో ఈ చార్‌కమాన్, రెండూ మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినవే. పడమటి కమాన్ లోంచి ఆయన మహల్‌కి దారి ఉండేది. ఇప్పుడు మహల్ లేదు, కమాన్లున్నాయి.

మా నాన్న పెళ్లికి ముందు పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల దుకాణంలో లెక్కలు రాసేవాడు. పని అయ్యాక దోస్తులంతా కలిసేది హౌజ్ దగ్గరే. మొన్న రంజాన్ నెలలో రాత్రి బజారుకి అందరం వెళ్లాం. ఆటో దిగగానే నాన్న నా కూతురికి హౌజ్ చూపించి, "బిడ్డా, తప్పిపోతే ఈడికొచ్చి నిలబడు. అటూ ఇటూ దేవులాడకు" అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల. నేను పెద్దగా పట్టించుకోలేదు, చేతిలో ఫోన్ ఉందిగా అనుకున్నా.

లాడ్ బజార్‌లో లక్క గాజులు బేరమాడుతుంటే పిల్ల చెయ్యి జారింది. ఆ జనంలో పది అడుగుల అవతల మనిషి కనపడడు. మా ఆయనకి ఫోన్ చేస్తే కలవదు. టెన్షన్‌తో నాకు కాళ్లు ఆడలేదు. నాన్న మాత్రం మోకాళ్ల నొప్పితోనే నేరుగా హౌజ్ వైపు నడిచాడు. పిల్ల అక్కడే ఉంది, రెండు చేతులతో కటకటాలు పట్టుకుని. పక్కన బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ మంచినీళ్ల సీసా చేతికిచ్చి, మేం వచ్చేదాకా కదలలేదు. "తాతా, నేను దేవులాడలేదు" అంది మా పిల్ల.

చౌక్ అంటే నాకు అదీ. నలుగురూ వచ్చి కలిసే చోటు. అలాంటి చోట ఇవాళ పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు. హౌజ్ చుట్టూ బైకులు, కమాన్లకు అడ్డంగా వైర్లు. ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడని అడిగితే తలో దిక్కు చూపిస్తారు. రంగు లైట్లకి పెట్టే ఖర్చులో కొంచెం వీటికి పెడితే ఎంత బాగుండు!

సమయం అడిగారు కదా. దుకాణాలు తెరవకముందు, పొద్దున్నే ఏడింటికి వెళ్లండి. ఉత్తరాన ఉన్న మచ్లీ కమాన్ వైపు నుంచి నడుచుకుంటూ రండి. హౌజ్ దగ్గర ఆగి దక్షిణం వైపు తిరిగితే, ఎదురుగా ఉన్న కమాన్ లోంచి చార్మినార్ కనిపిస్తుంది.