పెళ్లి డ్రోన్‌కి అరగంట... దృష్టికి 36 గంటలా?

ప్రశ్న: నేను పెళ్లి వీడియోలు తీస్తాను. నా డ్రోన్‌ని అరగంటకే దించాల్సి వస్తోంది. హైదరాబాద్‌లో తయారయ్యే దృష్టి-10 నిఘా డ్రోన్ ఏకంగా 36 గంటలు ఎగురుతుందట. అలాంటి బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఎక్కడా దొరకదండీ! దాన్ని ఎగరేసేది బ్యాటరీ కాదు, పెట్రోల్ ఇంజిన్. ఇజ్రాయెల్ డ్రోన్ హెర్మెస్ 900 ఆధారంగా తయారైన దృష్టి-10ని 2024 జనవరి 10న హైదరాబాద్‌లో అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ ఆర్. హరికుమార్ ఆవిష్కరించారు.

కిలో పెట్రోల్‌లో దాదాపు 12 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్ ఉంటే గొప్ప. ఇంజిన్ ముప్పాతిక వంతు వేడిగా తగలేసినా ఇంకా మూడు యూనిట్లు మిగులుతాయి. పైగా మీ డ్రోన్ ఫ్యాన్లు ఆగితే రాయిలా పడుతుంది, బ్యాటరీ అంతా దాని బరువు మోయడానికే సరి. దృష్టికి పొడవాటి రెక్కలున్నాయి. బరువు మోసేది రెక్కల కింది గాలి, ఇంజిన్ వెనక నుంచి తోస్తే చాలు.

అందరూ గంటల లెక్కే అడుగుతారు గానీ, నాకు అసలు విశేషం దాని రాడార్ అనిపిస్తుంది. వానాకాలంలో అరేబియా సముద్రం మీద మబ్బు కమ్మితే ఎంత ఖరీదైన కెమెరా అయినా దండగే. రాడార్ తరంగాలు మబ్బుల్ని దాటుకుని వెళ్తాయి. డ్రోన్ ముందుకు సాగుతూ ఒక్కోచోట అందుకున్న ప్రతిధ్వనులను కంప్యూటర్ కలిపి కుడితే, పెద్ద యాంటెన్నాతో తీసినంత స్పష్టమైన బొమ్మ వస్తుంది. రాత్రిపూట వేడిని పసిగట్టే కెమెరా సరేసరి.

ఇంకో తిరకాసు ఉంది. దూరం వెళ్లాక డ్రోన్‌తో మాట్లాడాలంటే శాటిలైట్ కావాలి. అదేమో 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడి ఆదేశం అటు చేరి, వీడియో ఇటు వచ్చేసరికి అర సెకను దాటిపోతుంది. మీరు అంత ఆలస్యంగా కంట్రోల్ చేస్తే డ్రోన్ షామియానా తాడుకి తగులుకున్నట్టే! అందుకే టేకాఫ్, ల్యాండింగ్ అదే చూసుకుంటుంది. కింద కూర్చున్నవారు మ్యాప్‌లో ఎటు వెళ్లాలో చెబుతారు.

మీరు మాత్రం ఇంకో రెండు స్పేర్ బ్యాటరీలు కొనండి. జీలకర్ర-బెల్లం దాకా పాత దానితో లాగించి, మాంగల్యధారణకి ఫుల్ ఛార్జ్‌ది పెట్టండి.