తొమ్మిది వేలు ఎక్కువ వస్తాయని మూడు రూపాయల వడ్డీకి వెళ్లకండి

ప్రశ్న: నా వయసు 30. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. విశాఖపట్నం గాజువాకలో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న డయాలసిస్ యూనిట్‌లో నాలుగేళ్ల రెండు నెలలుగా పనిచేస్తున్నాను. జీతం 20,500, కటింగులు పోను చేతికి 18,600 వస్తుంది. ఇళ్లకు నర్సులను పంపే ఏజెన్సీ ఒకటి 28,000 ఇస్తానంటోంది. పన్నెండు గంటల డ్యూటీ. కేసులు ఎక్కువగా ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు. స్కూటర్ కొనుక్కోవాలి, 30,000 డిపాజిట్ కట్టాలి. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి 1,50,000 ఇస్తానన్నారు, తెలిసినాయన కాబట్టి టెన్షన్ ఉండదు. ప్రోనోటు (అప్పు పత్రం) మీద మా ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. మా ఆయన డ్రైవరు, నెలకు 13,000 దాకా తెస్తారు, పీఎఫ్ లేదు. ఒక పాప. ఇంటి ఖర్చు 26,000. బ్యాంకులో 14,000 ఉంది. ఏ పనిలో ఉంటే మంచిది?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపింది రెండు జీతాల తేడా కాదు, చివర్లో రాసిన 14,000. నెలకు 26,000 ఖర్చయ్యే ఇంట్లో అది పదహారు రోజుల తిండి. ఈ స్థితిలో ఉద్యోగం మారడమే సాహసం, దానికి అప్పు కూడా చేస్తే ఎలా? నర్సులే కాదు, చేతికొచ్చే జీతాలను పక్కపక్కన పెట్టి ఉద్యోగం మారే వాళ్లందరూ చేసే పొరపాటు ఇదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 1,50,000 మీద నెలకు 4,500, ఏడాదికి 54,000. అదంతా వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. తెలిసినాయన కాబట్టి టెన్షన్ ఉండదని రాశారు. తెలిసినాయనకే కదమ్మా మీ ఇల్లు, మీ ఆయన డ్యూటీ వేళలు, పాప బడి అన్నీ తెలిసేది! ఇక ఆ 30,000 డిపాజిట్ సంగతి. పని ఇచ్చేవాళ్లు మనకు డబ్బు ఇవ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేమిటి? నర్సు చేతిలో విద్య ఉంది, ఆమె ఎవరికీ డిపాజిట్ కట్టనక్కర్లేదు.

ఇప్పుడు 28,000 లెక్క చూద్దాం. డయాలసిస్ పేషెంటు వారానికి రెండు మూడు సార్లు, నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి వస్తారు. ఆ కుర్చీ ఖాళీ అవ్వదు, మీ జీతమూ ఆగదు. ఇంటి కేసు అలా కాదు. పేషెంటు కోలుకున్నా, కాలం చేసినా, పిల్లలు వచ్చి తమతో అమెరికా తీసుకెళ్లినా కేసు క్లోజ్ అయినట్టే.

రెండేళ్ల క్రితం నా దగ్గరకు ఒక నర్సు వచ్చింది. సీతమ్మధారలో పక్షవాతం వచ్చిన పెద్దాయనను ఎనిమిది నెలలు చూసుకుంది. ఒకరోజు తెల్లవారుజామున ఆయన పోయారు. ఒళ్లు తుడిచి, ధోవతి మార్చి, పిల్లలు విమానం దిగే దాకా ఆయన పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి బ్యాగు భుజాన వేసుకుని బస్ స్టాప్‌కి వచ్చేసింది. మళ్లీ కేసు దొరకడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. ఐదో తారీఖు బండి ఈఎంఐ మాత్రం ఆగలేదు. నా దగ్గరకు వచ్చేసరికి చెవులకు కమ్మలు లేవు, వేప పుల్లలు ఉన్నాయి. ఆమె పనిలో ఏ లోటూ లేదు. చేతిలో మూడు నెలల ఖర్చు లేదు, అంతే.

మీకూ ఏడాదికి రెండు నెలలు కేసు లేదనుకోండి. పది నెలల జీతం 2,80,000. నెలకు పరిస్తే 23,300. గాజువాక నుంచి మధురవాడకు రానూపోనూ పెట్రోలుకు, పనిచేసిన నెలల్లో 3,000 పోతుంది. వడ్డీ 4,500 సరేసరి. సగటున నెలకు మిగిలేది 16,300. మీ ఇప్పటి పనిలో చేతికొచ్చే 18,600 కాక మీ పీఎఫ్ 1,560, యాజమాన్యం వేసే పీఎఫ్ 1,560, అది కట్టే ఇఎస్ఐ (ఉద్యోగుల బీమా) 666 కలిపితే 22,400 దాకా ఉంది. (బేసిక్ 13,000 అనుకుని వేశాను, మీ పే స్లిప్ చూసుకోండి.)

ఇఎస్ఐని చాలామంది కటింగు అనే అనుకుంటారు. మీ వాటా 20,500కి 154 రూపాయలు. దానికి మీకు, మీ ఆయనకు, పాపకు వైద్యం. మీరు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం. డ్యూటీలో గాయమై పని చేయలేకపోతే 90 శాతం. రెండో బిడ్డ అనుకుంటే 26 వారాలు పూర్తి జీతం. డయాలసిస్ యూనిట్‌లో నీడిల్ గుచ్చుకోవడం ఎంత మామూలో మీకు నేను చెప్పాలా? హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో, యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూపించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆసుపత్రి బిల్లు చూస్తుంది గానీ ఆ నెల బియ్యం, అద్దె చూడదు.

ఇంకో సంగతి. ఇఎస్ఐ పరిమితి 21,000. మీకు ఇంకో 501 రూపాయలు పెరిగితే, ఆ సెప్టెంబరుతోనో మార్చితోనో మీ వాటా కట్టడం ఆగుతుంది, ఆ తర్వాత కొన్ని నెలలకు కవర్ కూడా ముగుస్తుంది. కాబట్టి ఏ పనిలో ఉన్నా ముగ్గురికీ సొంత హెల్త్ పాలసీ ఇప్పుడే మొదలుపెట్టండి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది. ఆ గడువు ఇఎస్ఐ ఉండగానే గడిచిపోనివ్వండి. మీ ఆయన రోజూ రోడ్డు మీద ఉండే మనిషి. ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాదానికి), 436 రూపాయల జీవన్ జ్యోతి (ప్రాణానికి) మీ ఇద్దరికీ ఈ వారమే బ్యాంకులో రాయించండి. తర్వాత టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు పెద్ద మొత్తం ఇచ్చే బీమా.

ఇప్పటికైతే డయాలసిస్‌లోనే ఉండండి. ఇంకో పది నెలలు ఆగితే ఐదేళ్లు నిండుతాయి, ఆ తర్వాత ఉద్యోగం మానేసినప్పుడు యాజమాన్యం నుంచి గ్రాట్యుటీ వస్తుంది. 13,000 బేసిక్ మీద 37,500. ఈ పది నెలలూ మీ ఇద్దరి జీతాల్లో మిగిలే 5,600 నుంచి 5,000 తీసి వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, ఏటీఎం కార్డు లేని ఖాతా అయితే మరీ మంచిది. మిగిలిన 600కు పండగ ఖర్చు తగ్గించి కలిపి పాలసీ ప్రీమియం కట్టండి. చీటీలో వేయకండి, అవసరం వచ్చిన నెలలో పాట మీకు దక్కాలని లేదు. 14,000తో కలిపి 64,000 అవుతుంది. గ్రాట్యుటీ కలిస్తే లక్ష దాటుతుంది, దాదాపు నాలుగు నెలల ఖర్చు. లక్ష్యం ఆరు నెలలు, అంటే 1,56,000.

అప్పుడు ఇంటి కేసులకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి. కేసు లేని రోజులకు ఎంత ఇస్తారో, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునే పేషెంట్లకు నేర్పే పని మీ అనుభవానికి సరిగ్గా సరిపోతుంది, దాని గురించీ అడగండి. స్కూటర్ తప్పదంటే పాతది చూడండి, లేదా బ్యాంకు వెహికల్ లోను.

ప్రోనోటు మీద మీ ఆయన ఇంకా సంతకం పెట్టలేదని రాశారు. పెట్టవద్దని ఆయనకు ఈ రాత్రే చెప్పండి.